పనోరమా ఛాయాచిత్రణ: సామాన్య పరికరాలతో హైదరాబాద్ పాతబస్తీ దృశ్యాలు

కెమెరా ఒక్క చూపులో పట్టలేని విశాల దృశ్యాన్ని ఒకే పటంగా రూపొందించే పద్ధతిని పనోరమా ఛాయాచిత్రణ అంటారు. కెమెరాను ఒకే చోట ఉంచి కొద్దికొద్దిగా తిప్పుతూ తీసిన పలు చిత్రాలను అతికించడం ఇందులో ఒక మార్గం కాగా, తిరిగే లెన్స్ ద్వారా గానీ సన్నని చీలిక ద్వారా గానీ దృశ్యాన్ని ఒక కొస నుంచి మరో కొసకు క్రమంగా నమోదు చేయడం రెండో మార్గం. సాధారణ ఛాయాచిత్రం అడ్డం దాని నిలువుకు ఒకటిన్నర రెట్లకు మించదు. అడ్డం నిలువుకు రెండు రెట్లు గానీ అంతకు మించి గానీ ఉన్న పటాన్ని పనోరమా అనడం వాడుక. ఈ విద్యకు ఖరీదైన కెమెరా, ప్రత్యేకమైన తిరుగుడు తలలు, భారీ స్టాండ్లు తప్పనిసరి అనే అభిప్రాయం చాలామందిలో ఉన్నప్పటికీ, పటం మంచిచెడ్డలను ప్రధానంగా నిర్ణయించేవి రెండే విషయాలు: ఛాయాగ్రాహకుడు ఎక్కడ నిలబడ్డాడు, కెమెరాను ఏ బిందువు చుట్టూ తిప్పాడు. ఈ రెండింటినీ అభ్యసించడానికి హైదరాబాద్ పాతబస్తీ కంటే అనువైన చోటు తెలుగు నేల మీద దొరకడం కష్టం. ఇక్కడి కట్టడాలు పెద్దవి, వాటి ముందున్న ఖాళీ చిన్నది. పక్కనే అంగళ్లు, నెత్తిన విద్యుత్ తీగలు, ఎదుట ఆగని జనప్రవాహం ఉండటం వల్ల ప్రతి పొరపాటూ పటంలో వెంటనే బయటపడుతుంది.

పూర్వరంగం

ఛాయాచిత్రణ పుట్టకముందే పనోరమా చిత్రకళలో స్థిరపడింది. ఎడింబరోలో రాబర్ట్ బార్కర్ అనే చిత్రకారుడు 1787లో వలయాకార చిత్రానికి పేటెంటు పొంది, కొద్ది ఏళ్లలోనే లండన్‌లోని లీస్టర్ స్క్వేర్‌లో అందుకోసం ఒక గుండ్రని భవనం కట్టించాడు. భారతదేశంలో మజహర్ అలీ ఖాన్ అనే చిత్రకారుడు 1846లో ఎర్రకోట లాహోరీ దర్వాజా మీది నుంచి కనిపించే ఢిల్లీ నగరాన్ని బ్రిటిష్ అధికారి థామస్ మెట్కాఫ్ కోసం కొన్ని మీటర్ల పొడవున చిత్రించాడు. పన్నెండేళ్ల తరువాత అదే నగరాన్ని జామా మసీదు మీది నుంచి ఫెలీచే బియాటో పలు ఛాయాచిత్రాలు పక్కపక్కన చేర్చి చూపించాడు. సిపాయిల తిరుగుబాటు అణచివేత దరిమిలా కూల్చివేతలకు గురవుతున్న ఢిల్లీ, లక్నో నగరాల రూపం ఈనాడు తెలుసుకోవడానికి ఆయన 1858లో తీసిన పటాలు ముఖ్యమైన ఆధారాలు. అమెరికాలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ 1878లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరాన్ని ఒక ఎత్తయిన మేడ మీది నుంచి పదమూడు గాజు పలకల మీద పూర్తి వలయంగా తీశాడు. ఈ ఛాయాగ్రాహకులు వాడినవి ఆ కాలపు మామూలు పెద్ద కెమెరాలే గాని పనోరమా కోసం ప్రత్యేకించి తయారైన యంత్రాలు కావు.

ప్రత్యేక యంత్రాలూ అదే శతాబ్దంలో రాసాగాయి. ఆస్ట్రియాకు చెందిన యోసెఫ్ పుఖ్‌బెర్గర్ 1843లోనే తిరిగే లెన్స్ కెమెరాకు పేటెంటు తీసుకున్నాడు. 1899లో కొడాక్ సంస్థ సామాన్యులకు అందుబాటులో ఉండే పనోరమ్ కెమెరాను విడుదల చేసింది. ఫిల్ముతో పాటు కెమెరా మొత్తం గుండ్రంగా తిరిగే సర్కట్ కెమెరా 1904 నాటిది. నేటి మొబైల్ ఫోను పనోరమా సదుపాయం తత్త్వరీత్యా ఆ సర్కట్ కెమెరాకే వారసురాలు. అక్కడ ఫిల్ము చీలిక ముందు నుంచి జరుగుతూ పోయినట్టుగానే ఇక్కడ ఫోను తిరుగుతున్న కొద్దీ ప్రతి చిత్రం నుంచి సన్నని నిలువు పట్టీ ఒకటి తీసుకుని ముందు పట్టీకి జోడిస్తుంది.

హైదరాబాద్‌లో ఛాయాచిత్రణ చరిత్ర రాజా దీన్ దయాళ్ పేరుతో ముడిపడి ఉంది. మీరట్ సమీపంలోని సర్ధనాలో 1844లో జన్మించిన ఆయన, రూర్కీలోని థామసన్ ఇంజనీరింగ్ కళాశాలలో శిక్షణ పొంది, ఇండోర్‌లో ప్రజాపనుల శాఖ ఉద్యోగిగా ఉంటూ కెమెరా పట్టి, 1880ల మధ్యలో ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడై, సికింద్రాబాద్‌లో స్టూడియో నెలకొల్పాడు. కట్టడం ఎంత మేర కనిపించాలో, నిలువు గీతలు ఎందుకు నిలువుగానే ఉండాలో, ఏ మూల నుంచి చూస్తే వాస్తు విశదమవుతుందో ఇంజనీరుకు తెలిసినంతగా ఆయనకు తెలుసుననడానికి ఆయన తీసిన కట్టడాల చిత్రాలే సాక్ష్యం. వెడల్పు పటం తీయబోయే కొత్తవారు ముందుగా కొంతకాలం ఆ చిత్రాలను పరిశీలించడం, సాంకేతిక గ్రంథాలు చదవడం కంటే ఎక్కువ మేలు చేస్తుంది.

నిలబడే చోటు

ముహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో కట్టించిన చార్మినార్ నాలుగు పక్కలూ నాలుగు దిక్కులకు అభిముఖంగా ఉంటాయి. ఒక్కో పక్క వెడల్పు సుమారు 20 మీటర్లు. ఇరవై మీటర్ల దూరంలో నిలబడిన వ్యక్తికి ఆ వెడల్పు దాదాపు 53 డిగ్రీల కోణాన్ని ఆక్రమిస్తుంది. నిలువుగా పట్టుకున్న సాధారణ ఫోను లెన్స్ అడ్డంగా చూడగలిగేది ఇంచుమించు 50 డిగ్రీలు మాత్రమే కాబట్టి, అంత దగ్గర నుంచి ఒకే చిత్రంలో కట్టడం ఒక పక్క కూడా ఇమడదు. వెనక్కి జరిగితే ఇముడుతుంది గాని, అప్పుడు తోపుడు బండ్లు, గొడుగులు అడ్డం వస్తాయి. ఇటువంటి చోటే పనోరమా పద్ధతి అవసరమవుతుంది. దగ్గర నుంచి విశాలంగా తీసిన పటంలో కట్టడం మధ్యభాగం ముందుకు ఉబికినట్టు, అంచులు వెనక్కి వాలినట్టు కనిపించే ప్రమాదం ఉంది గనుక, నాలుగు కమాన్ల నడుమనున్న గుల్జార్ హౌజ్ దిక్కుగా ఉత్తరానికి జరిగి, చార్మినార్‌ను పటం మధ్యలో కాక ఒక పక్కకు పెట్టి, రెండో పక్క బజారు వరుస వచ్చేటట్టు చూసుకోవడం ఉత్తమం.

చార్మినార్ మొదటి అంతస్తు పనోరమాకు ప్రసిద్ధమైన చోటు. సన్నని మెట్లెక్కి చేరుకునే ఆ అంతస్తు నుంచి ఉత్తరాన చార్ కమాన్, దాని మీదుగా పత్తర్‌గట్టీ వైపు దారి, పడమట లాడ్ బజార్, నైరుతిలో మక్కా మసీదు కనిపిస్తాయి. అయితే పూర్తి వలయాన్ని ఆశించి వెళ్లినవారికి అక్కడ నిరాశ తప్పదు. కట్టడం నడిమి భాగమూ మినార్లూ అడ్డం ఉండటం వల్ల ఏ ఒక్క చోట నిలబడినా నాలుగు దిక్కులూ కనిపించవు. ఒక పక్క నుంచి మరో పక్కకు నడిచి తీసిన ఫ్రేములు వేర్వేరు బిందువుల నుంచి చూసినవి కావడం చేత కచ్చితంగా అతకవు. ఒక్కో పక్క నుంచి 120, 150 డిగ్రీల మేర విడివిడిగా నాలుగు పటాలు తీసి, వాటిని నాలుగు పటాలుగానే చూపడం నిజాయతీ గల పద్ధతి.

నేల మీద పూర్తి వలయం తీయదలచినవారికి మక్కా మసీదు ఆవరణ, చౌమహల్లా ప్రాసాదం లోపలి ముంగిళ్లు అనువైనవి. 1617లో పునాది పడి, ఔరంగజేబు కాలంలో 1694లో పూర్తయిన మక్కా మసీదు విశాలమైన ఆవరణలో దగ్గరి వస్తువులు తక్కువ; ప్రార్థన వేళలను, ముఖ్యంగా శుక్రవారం మధ్యాహ్నాన్ని, వదిలిపెట్టి, అక్కడి బాధ్యుల అనుమతితో తీయడం మర్యాద. నది దృశ్యం కావలసినవారు నయాపూల్ మీద నిలబడవచ్చు: దక్షిణపు ఒడ్డున హైకోర్టు, ఉత్తరపు ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి, నడుమ మూసీ ఒకే పటంలోకి వస్తాయి. 1908 సెప్టెంబరు 28 నాటి వరద తరువాత కొత్తగా రూపుదిద్దుకున్న నదీతీరమిది. పురావస్తు శాఖ రక్షణలోని కట్టడాల్లో చేతితో ఫోటో తీయడానికి సాధారణంగా అభ్యంతరం లేకపోయినా ట్రైపాడ్ వాడాలంటే ముందస్తు అనుమతి కావాలి. అందువల్ల పాతబస్తీలో పనోరమా అంటే ఎక్కువగా చేతితో తీసే పనోరమాయే.

తిప్పే బిందువు

కొత్తవారి పటాలు చెడిపోవడానికి మొదటి కారణం దృక్‌భ్రంశం. చూసే చోటు మారినప్పుడు దగ్గరి వస్తువు దూరపు వస్తువుతో పోలిస్తే పక్కకు జరిగినట్టు కనిపించడాన్ని దృక్‌భ్రంశం అంటారు; ఒక కన్ను మూసి, తరువాత రెండో కన్ను మూసి ఎదుట పెట్టుకున్న వేలిని చూస్తే ఇది తేలికగా బోధపడుతుంది. కెమెరాను లెన్స్‌లోని ఒక నిర్దిష్ట బిందువు చుట్టూ, అంటే కాంతి లోపలికి ప్రవేశించే ద్వారం ఉన్నట్టుగా ముందు నుంచి కనిపించే చోటు చుట్టూ, తిప్పినప్పుడు ఈ భ్రంశం ఉండదు. మామూలుగా జనం చేసేది ఇందుకు విరుద్ధం: చేతులు చాచి ఫోను పట్టుకుని, నడుముతో తిరుగుతారు, తిరుగుతున్నది శరీరం చుట్టూ గాని లెన్స్ చుట్టూ కాదు.

దీనివల్ల జరిగే నష్టాన్ని చార్మినార్ మొదటి అంతస్తులోనే లెక్కగట్టి చూడవచ్చు. శరీరం నడిమి నుంచి ఫోను అర మీటరు దూరంలో ఉండి, మనిషి 30 డిగ్రీలు తిరిగితే లెన్స్ 26 సెంటీమీటర్లు పక్కకు జరుగుతుంది. అప్పుడు రెండు మీటర్ల దూరంలోని స్తంభం ఏడు డిగ్రీలకు పైగా స్థానం మార్చినట్టు కనిపిస్తుండగా, వంద మీటర్ల దూరంలోని గోపురం మార్పు డిగ్రీలో ఏడో వంతు మాత్రమే. 3,000 పిక్సెళ్ల వెడల్పున 50 డిగ్రీలు చూసే ఫోనులో ఆ స్తంభం నాలుగు వందల పిక్సెళ్లకు మించి తప్పిపోతుంది. గోపురం తొమ్మిది పిక్సెళ్లు తప్పుతుంది. తొమ్మిదిని సాఫ్ట్‌వేర్ సర్దుబాటు చేయగలదు గాని నాలుగు వందలను చేయలేదు. స్తంభం రెండుగా చీలడమో, జాలీ గోడ మెట్లుమెట్లుగా విరిగినట్టు కనిపించడమో దాని ఫలితం.

ఇందుకు నివారణ ఒక దారం, ఒక బరువైన నట్టు. తాపీ మేస్త్రీ గోడ నిలువు చూసుకునే తూకపు గుండు సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది. ఫోనుకు లేదా కెమెరాకు లెన్స్ సరిగ్గా ఎక్కడ ఉందో ఆ నిట్టనిలువు రేఖలో దారాన్ని రబ్బరు బ్యాండుతో కట్టి, చివరన నట్టు వేలాడదీసి, అది నేలకు రెండు వేళ్ల ఎత్తున ఆగేటట్టు దారం పొడవు సరిచేయాలి. నేల మీద సుద్దముక్కతో ఒక చుక్క పెట్టి, ప్రతి ఫ్రేముకూ నట్టు ఆ చుక్క మీదనే ఉండేటట్టు చూసుకుంటూ, మనిషి తానే ఆ చుక్క చుట్టూ అడుగులు వేస్తూ తిరగాలి. చారిత్రక కట్టడాల నేల మీద సుద్దగీతలు గీయరాదు కాబట్టి అక్కడ ఒక నాణెం పెట్టుకుంటే చాలు. ఊగిసలాట రెండు సెంటీమీటర్ల లోపు ఉంచగలిగితే, పై ఉదాహరణలోని స్తంభం తప్పిదం నాలుగు వందల పిక్సెళ్ల నుంచి ముప్పై అయిదుకు లోపలికి దిగివస్తుంది. పది రూపాయలు కూడా ఖర్చు కాని ఈ ఏర్పాటు, ట్రైపాడ్ మీద కెమెరాను అడుగు భాగం మధ్యలో బిగించి తిప్పడం కంటే మంచి ఫలితమిస్తుంది. ఎందుకంటే ట్రైపాడ్ మర సాధారణంగా లెన్స్ బిందువు కింద కాక దానికి వెనక ఉంటుంది.

క్షితిజ రేఖను సమంగా ఉంచడం దీని తరువాతి మెట్టు. చాలా ఫోన్లలో తెర మీద మట్టం చూపే గీత ఉంటుంది. లేనిచోట మేస్త్రీల రసమట్టం వంటి చిన్న గొట్టాన్ని కెమెరా మీద అతికించుకోవచ్చు. కెమెరాను పైకి గాని కిందికి గాని వంచి తిప్పితే ఫ్రేములు సరళరేఖలో కాక విల్లులా పేరుకుంటాయి. అతికించాక పైనా కిందా కత్తిరించగా మిగిలేది సన్నని పట్టీ మాత్రమే. మినార్ల శిఖరాలు కావాలంటే వంచడానికి బదులు సమంగా ఒక వరుస, కొంచెం పైకి ఎత్తి మరో వరుస తీయడం మేలు.

ఫ్రేముల లెక్క, వెలుతురు

కెమెరాను నిలువుగా పట్టుకోవడం వల్ల ఫ్రేముల సంఖ్య పెరిగినా, పటం ఎత్తు తగినంత దక్కుతుంది. పక్కపక్క ఫ్రేముల్లో మూడో వంతు భాగం ఉమ్మడిగా ఉండాలి. సాఫ్ట్‌వేర్ ఆ ఉమ్మడి భాగంలోని గుర్తులను సరిపోల్చే చిత్రాలను జోడిస్తుంది. 50 డిగ్రీలు చూసే ఫోనును ప్రతిసారీ 33 డిగ్రీల చొప్పున తిప్పితే అర్ధవలయానికి అయిదు ఫ్రేములు, పూర్తి వలయానికి పదకొండు సరిపోతాయి. పూర్తి ఫ్రేము కెమెరాకు 50 మిల్లీమీటర్ల లెన్స్ తగిలించి నిలువుగా పడితే కనిపించేది 27 డిగ్రీలే గనుక అర్ధవలయానికి పది ఫ్రేములు కావాలి. పన్నెండు మెగాపిక్సెళ్ల సాదా ఫోనుతో తీసిన ఆరు నిలువు ఫ్రేములు అతికితే దాదాపు 13,000 పిక్సెళ్ల వెడల్పు గల పటం వస్తుంది. అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చు వేస్తే అది మూడున్నర అడుగులు. సాదా పరికరంతో ఇంతటి వివరం సాధించగలగడమే ఈ పద్ధతికి అసలు బలం.

ఫ్రేములన్నిటికీ ఎక్స్‌పోజర్, ఫోకస్, తెలుపు సమతూకం ఒకటే ఉండాలి. స్వయంచాలకంగా వదిలేస్తే, తూర్పున సూర్యుడి వైపు తిరిగినప్పుడు ఫోను చిత్రాన్ని చీకటి చేసి, పడమట నీడలోని లాడ్ బజార్ వైపు తిరిగినప్పుడు వెలుగు పెంచుతుంది. అతికించిన ఆకాశంలో నిలువు చారలు పడతాయి. తెర మీద వేలు నొక్కి ఉంచితే చాలా ఫోన్లలో ఎక్స్‌పోజర్, ఫోకస్ బిగుసుకుంటాయి. మధ్యస్థ వెలుతురు గల చోట దానిని బిగించి ఆ పైన తిప్పాలి. ఆకాశం నీలిమ పెంచే పోలరైజర్ ఫిల్టరును పనోరమాకు వాడరాదు, ఎందుకంటే దాని ప్రభావం సూర్యుడి నుంచి ఉండే కోణాన్ని బట్టి మారుతూ ఆకాశంలో ఒక చోట ముదురు మచ్చను మిగులుస్తుంది. పాతబస్తీ అంగళ్లు పొద్దెక్కాక గాని తెరుచుకోవు. ఉదయపు తొలి గంటల్లో మెత్తని వెలుతురు, ఖాళీ వీథులు రెండూ దొరుకుతాయి. రంజాన్ రాత్రుల్లో చార్మినార్ పరిసరాలు వెలుగులతో నిండినప్పుడు తీయదలచినవారు ఫోనును గోడకో రెయిలింగుకో ఆనించి పట్టాలి.

కదిలే మనుషుల సమస్య పాతబస్తీలో నిత్యం ఎదురవుతుంది. ఫోనులోని తిప్పే పనోరమా సదుపాయంతో తీసినప్పుడు, ఫోను తిరిగే దిశలోనే నడిచే మనిషి సాగినట్టు, ఎదురు దిశలో నడిచేవాడు నొక్కుకుపోయినట్టు వస్తారు. ఆటోరిక్షా సగానికి కోసుకుపోవచ్చు. విడివిడి ఫ్రేములు తీసి అతికించడమే జనసమ్మర్దానికి తగిన పద్ధతి. ప్రతి స్థానంలో రెండు మూడు చిత్రాలు తీసి, ఉమ్మడి భాగంలో మనుషులు లేని చిత్రాన్ని ఎంచుకుంటే అతుకు ఖాళీ చోట పడుతుంది. విశాల పటంలో ఛాయాగ్రాహకుడికి తెలియకుండానే పదుల మంది ముఖాలు చేరతాయి. గాజుల దుకాణాల దగ్గర బేరమాడుతున్న ఆడవాళ్లకు తాము పటంలో ఉన్నామని తెలియదు. మనుషులే విషయం కానప్పుడు జనం పలుచగా ఉన్న వేళను ఎంచుకోవడం, అభ్యంతరం చెప్పినవారి చిత్రాన్ని తొలగించడం ఛాయాగ్రాహకుడి కనీస బాధ్యత.

అతికింపు, ప్రక్షేపణ

ఒకప్పుడు కత్తెర, జిగురుతో జరిగిన పనిని ఇప్పుడు కంప్యూటరు చేస్తోంది. హెల్ముట్ డెర్ష్ 1998లో రూపొందించిన పనోరమా టూల్స్ ఆధారంగా ఎదిగిన హ్యుగిన్ ఉచితంగా లభించే, ఎవరైనా మెరుగుపరచుకోదగిన సాఫ్ట్‌వేర్. రెండు ఫ్రేముల్లో ఒకే వస్తువుకు చెందిన జంట బిందువులను మనిషే గుర్తించి సరిదిద్దగలగడం దాని ప్రత్యేకత. ఆ బిందువులను కంప్యూటరే తనంతట తాను కనుగొని, ఏ చిత్రం పక్కన ఏది రావాలో నిర్ణయించే విధానాన్ని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన మాథ్యూ బ్రౌన్, డేవిడ్ లో 2003లో ప్రకటించారు. ఆటోస్టిచ్ దాని ఫలితమే. అతికింపును పరీక్షించడానికి పాతబస్తీలో సహజమైన కొలబద్ద ఒకటి ఉంది. వీథుల మీదుగా వేలాడే విద్యుత్ తీగలు, కేబుళ్లు ఏ అతుకు దగ్గర తెగినట్టు, జంటగా మారినట్టు కనిపిస్తే అక్కడ తిప్పే బిందువు జరిగిందని అర్థం.

గుండ్రంగా చూసిన దృశ్యాన్ని చదునైన కాగితం మీద పరచడాన్ని ప్రక్షేపణ అంటారు. సమతల ప్రక్షేపణలో సరళరేఖలు సరళంగానే ఉంటాయి గాని 100 డిగ్రీలు దాటేసరికి అంచుల్లోని వస్తువులు విపరీతంగా సాగుతాయి. స్తూపాకార ప్రక్షేపణలో నిలువు గీతలు నిలువుగా నిలిచి, అడ్డగీతలు మాత్రం వంగుతాయి. అందువల్ల తిన్నగా సాగే బజారు వరుస పటంలో విల్లులా వంగినట్టు కనిపించడం పొరపాటు కాదు, ఆ ప్రక్షేపణ లక్షణం. కింద నేల నుంచి పైన నడినెత్తి దాకా పూర్తి దృశ్యానికి వాడే గోళాకార ప్రక్షేపణలో పటం అడ్డం నిలువుకు సరిగ్గా రెండింతలు ఉంటుంది. కట్టడాలకు స్తూపాకారం, ఒకే ముఖభాగానికి సమతలం వాడటం స్థూలంగా సరిపోతుంది.

తిన్నని వీథి వరుసను వంకర లేకుండా చూపదలచినవారికి మరో దారి ఉంది. ఒకే చోట తిప్పకుండా, ఎదుటి కాలిబాట వెంట సమాన దూరాల్లో ఆగుతూ, కెమెరాను ఎల్లవేళలా వరుసకు లంబంగా పట్టి తీసే పటాన్ని సరళ పనోరమా అంటారు. అమెరికా చిత్రకారుడు ఎడ్ రుషే 1966లో లాస్ ఏంజెలెస్ వీథి ఒకదానిని ఈ విధంగా పుస్తకంగా తెచ్చాడు. పత్తర్‌గట్టీ రాతి కమాన్ల వరుసకు ఇదే తగినది: ఒకే కొలతతో పునరావృతమయ్యే కమాన్లు ఎక్కడ ఆగాలో తామే చెబుతాయి, స్తంభం మీద అతుకు వేస్తే కనపడదు. ముందున్న దీపస్తంభాలు, తీగలు మాత్రం ఇక్కడ తప్పక చెదురుతాయి; గోడ ఒక్కటే కచ్చితంగా అతుకుతుందని తెలిసే ఈ పనికి పూనుకోవాలి.

పటం భద్రత

ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 1989లో దీన్ దయాళ్ స్టూడియోకు చెందిన 2,857 గాజు నెగటివులను సేకరించి భద్రపరచింది. నేటి పనోరమాకు అటువంటి గాజు పలకలు లేవు కనుక, అతికించిన పటంతో పాటు విడి ఫ్రేములను కూడా దాచడం అవసరం. రేపటి సాఫ్ట్‌వేర్ వాటిని ఇంకా బాగా అతికించవచ్చు. దారులు వెడల్పు కావడం, దుకాణాల ముఖాలు మారడం, కొత్త అంతస్తులు లేవడం వల్ల పాతబస్తీ రూపం ఏటేటా మారుతోంది. ఈ నగరాన్ని తీసే ప్రతి ఒక్కరూ పటంతో పాటు తీసిన తేదీ, వేళ, నిలబడిన చోటు, పటం ఎడమ అంచు చూస్తున్న దిక్కు, ఈ నాలుగింటినీ రాసి ఉంచాలి. అవి లేని పటాన్ని పరిశోధకుడు తరువాతి కాలపు పటంతో పోల్చి చూడలేడు.